రిఫ్రెష్ కొట్టే ముందు

కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో అడుగుపెట్టిన ప్రతివాళ్ళకీ ఒక అలవాటు అంటుకుంటుంది. సిస్టమ్ ఆన్ అవగానే ఖాళీ డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్, రిఫ్రెష్, రిఫ్రెష్ అని వరసగా కొట్టడం. సార్ కొట్టారు, సార్‌ని చూసి మనం కొట్టాం, మనల్ని చూసి పిల్లలు కొడుతున్నారు. నిజానికి దానివల్ల డెస్క్‌టాప్ మీది ఐకాన్లని విండోస్ మరోసారి గీస్తుంది, అంతే. ర్యామ్ ఖాళీ అవదు, వేగం పెరగదు. చేతికి మాత్రం ఏదో పని చేసిన తృప్తి.

బ్రౌజర్ స్లో అయినప్పుడు మన ఇళ్ళలో నడిచే వైద్యమూ ఈ కోవలోదే. హిస్టరీ, క్యాష్ క్లియర్ చెయ్యి. క్రోమ్ తీసేసి మళ్ళీ ఎక్కించు. వైరస్ ఉందేమో స్కాన్ పెట్టు. ఏదీ పనిచేయకపోతే ఫార్మాట్ కొట్టించు. వీటిలో క్యాష్ క్లియర్ చేయడం మరీ విచిత్రం. ఒకసారి తెచ్చుకున్న బొమ్మల్నీ ఫైళ్ళనీ బ్రౌజర్ దాచుకునేదే మళ్ళీ త్వరగా చూపించడానికి. వాటిని తుడిచేయడమంటే ఇంట్లో సరుకులన్నీ పారబోసి, వంట తొందరగా అవ్వాలని కొట్టుకి బయల్దేరడం. పాడైన ఫైలు ఏదో ఇరుక్కుని ఒక సైటు సరిగ్గా తెరుచుకోకపోతే ఆ ఒక్క సైటుకీ అది మందే. స్క్రోల్ చేస్తుంటే జెర్కులొచ్చే ల్యాప్‌టాప్‌కి కాదు.

చుట్టాల్లో ‘కంప్యూటర్ తెలిసినవాడు’ అని పేరు పడ్డాక, పండక్కి ఎవరింటికెళ్ళినా భోజనాలయ్యాక ఒక ల్యాప్‌టాప్ వచ్చి ఒళ్ళో వాలుతుంది. నేను మొదట ఏమీ ముట్టుకోను. వాళ్ళనే నడపమని పక్కన కూర్చుంటాను. చూడాల్సింది ఒక్కటే: పేజీ రావడం ఆలస్యమా, వచ్చాక కదలడం ఆలస్యమా? రెండింటినీ మనం ‘స్లో’ అనే అంటాం గానీ రెండూ వేర్వేరు జబ్బులు. పేజీ మొత్తం తెరుచుకున్నాక వైఫై ఆపేసి స్క్రోల్ చేయమంటాను. అప్పుడు కూడా ఎగిరెగిరి పడుతోందంటే నెట్‌వాణ్ణి తిట్టడం అన్యాయం.

మామూలు ల్యాప్‌టాప్ తెర సెకనుకి 60 సార్లు కొత్త బొమ్మ వేస్తుంది. అంటే ఒక్కో బొమ్మ తయారవడానికి బ్రౌజర్‌కి దొరికేది 16.7 మిల్లీసెకన్లు. ఆ కాస్త వ్యవధిలోనే పేజీలోని జావాస్క్రిప్ట్ నడవాలి, అక్షరాలు ఎక్కడ పడాలో లెక్క తేలాలి, రంగులు పూయాలి. ఇందులో చాలా భాగం ఒకే వరసలో, ఒకదాని తర్వాత ఒకటిగా జరిగే పని. మధ్యలో ఒక ప్రకటన తాలూకు స్క్రిప్టు దూరి 200 మిల్లీసెకన్లు కూర్చుందంటే పన్నెండు బొమ్మలు ఎగిరిపోయినట్టే. మన కంటికి కనిపించే జెర్కు అదే.

దేనివల్ల ఎగిరిపోతున్నాయో బ్రౌజర్‌నే అడగొచ్చు. క్రోమ్‌లోనైనా ఎడ్జ్‌లోనైనా షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ బార్‌లో అబౌట్ ప్రాసెసెస్ అని కొట్టాలి. ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత మెమరీ, ఎంత సీపీయూ తింటోందో పేరుతో సహా ఉంటుంది. సీపీయూ అన్న మాట మీద నొక్కితే తిండిపోతు పైకొస్తుంది. ఎప్పుడో పీడీఎఫ్ మార్చుకోవడానికి వేసిన ఎక్స్‌టెన్షన్, ఉచితంగా వచ్చిందని పెట్టుకున్న వీపీఎన్, షాపింగ్ కూపన్ల తాలూకుది... ఎక్కువసార్లు దొరికే దొంగలు వీళ్ళే. ఇన్ని ఏళ్ళుగా ఇంతమంది ల్యాప్‌టాప్‌లు చూస్తున్నా, ఈ కిటికీ ఒకటుందని ముందే తెలిసినవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు.

అయితే తెనాలిలో మా బాబాయి ల్యాప్‌టాప్‌లో ఈ దొంగలెవరూ లేరు. ఆయన ఫిర్యాదు యూట్యూబ్‌లో చూసే పాత సినిమాల గురించి. “నెలనెలా డబ్బు గుంజుతున్నాడు గానీ నెట్ మాత్రం నత్తనడకేరా. చూడు, ఎన్టీవోడు డైలాగ్ చెప్పేశాక అరక్షణానికి నోరు కదులుతోంది” అన్నాడు. ఆ మాటలోనే సగం జవాబుంది. నెట్ చాలకపోతే మాటా బొమ్మా రెండూ ఆగి మధ్యలో చక్రం తిరుగుతుంది. మాట నిక్షేపంగా వస్తూ బొమ్మ మాత్రం తడబడుతోందంటే, వీడియో ల్యాప్‌టాప్ దాకా వచ్చేసింది, దాన్ని విప్పడమే దానికి చేతకావడం లేదు. పైగా కీబోర్డు పక్కనుంచి ఫ్యాను మిక్సీ స్థాయిలో మోగుతోంది.

యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ చేస్తే జాబితా అడుగున ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ అని ఉంటుంది. నొక్కగానే వీడియో మూల ఒక నల్లటి పెట్టె వచ్చింది. అందులో ఫ్రేమ్స్ అన్న వరసలో డ్రాప్‌డ్ అనే అంకె ఉంటుంది, చూపించాల్సినవాటిలో ఎన్ని బొమ్మలు వదిలేసిందో ఆ లెక్క. బాబాయి చూస్తుండగానే అది ఆటో మీటర్‌తో పోటీపడి పెరుగుతోంది. దానికింద కోడెక్స్ అన్న చోట ‘ఏవీ01’ అని మొదలయ్యే పొడుగాటి పేరు. దోషి అక్కడుంది.

వీడియోని కుదించి పంపే పద్ధతుల్లో ఏవీ1 కొత్తది. గూగుల్‌తో సహా పెద్ద కంపెనీలు కొన్ని కలిసి తయారుచేసి 2018లో విడుదల చేశాయి. అదే నాణ్యతని తక్కువ డేటాలో ఇస్తుంది, రాయల్టీ గొడవ ఉండకూడదనే తయారుచేశారు. చిక్కల్లా విప్పే దగ్గర. దాన్ని విప్పడానికి ప్రత్యేకమైన సర్క్యూట్ ఇంటెల్ చిప్పుల్లో 11వ తరం నుంచి, అంటే 2020 నుంచి వచ్చింది. అంతకు ముందు కొన్న ల్యాప్‌టాప్ ఆ పనంతా మామూలు ప్రాసెసర్ చేత చేయించాలి. గట్టి ప్రాసెసరైతే లాక్కొస్తుంది. బాబాయిది అంత గట్టిది కాదు. యూట్యూబ్‌కి పంపే ఖర్చు తగ్గింది, ఆ భారం ఇక్కడ తెనాలిలో పాత ప్రాసెసర్ మీద పడింది. ఫోన్ డేటా మీద చూసేవాళ్ళకి మేలే కాబట్టి మొత్తంగా తప్పు పట్టలేను గానీ, ల్యాప్‌టాప్ పాతదైపోయిందని కంగారుపడి కొత్తది కొనేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం మాత్రం నాకు నచ్చదు.

విరుగుడు చిన్నదే. పాత పద్ధతి హెచ్.264ని విప్పే సర్క్యూట్ ఆ ల్యాప్‌టాప్‌లోనూ ఉంది. ఏవీ1 వద్దు, హెచ్.264లోనే పంపమని యూట్యూబ్‌ని అడిగే ఎక్స్‌టెన్షన్లు దొరుకుతాయి. ఫైర్‌ఫాక్స్‌లో అదీ అక్కర్లేదు, అబౌట్ కాన్ఫిగ్‌లో ఏవీ1ని ఆపేసే మీట ఉంది. బాబాయి క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ పెట్టాక కూడా ఫ్యాను తగ్గలేదు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అన్న చోట చూస్తే గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఎవరో ఆపేసి ఉన్నారు.

“ఇదెవరు ఆపారు బాబాయ్?”

“పక్కింటి కుర్రాడు. అది ఆపితే స్పీడొస్తుందని వీడియోలో చూశాట్ట.”

ఆ కుర్రాడిది పూర్తిగా తప్పనలేం. గ్రాఫిక్స్ డ్రైవర్ చెడితే తెర మినుకుమినుకుమంటుంది, నల్లబడుతుంది. అప్పుడు ఆపితే నయమవుతుంది. ఆ ఒక్క జబ్బు మందు కాస్తా ఎవరి నోట పడితే వాళ్ళ నోట సర్వరోగ నివారిణి అయిపోయింది. తిరిగి ఆన్ చేసి, రీలాంచ్ కొట్టి, అదే సినిమా పెట్టాను. కోడెక్స్ దగ్గర ‘ఏవీసీ1’ వచ్చింది, డ్రాప్‌డ్ అంకె కదలడం మానేసింది. డైలాగూ నోరూ కలిశాయి. బాబాయి నెట్‌వాణ్ణి తిట్టడం మాత్రం మానలేదు, అది వేరే కక్ష.

ర్యామ్ సంగతి అందరికీ తెలిసిందే గనక పొడిగించను. 2008లో క్రోమ్ వచ్చినప్పుడే ట్యాబ్‌లని వేర్వేరు ప్రాసెస్‌లుగా విడగొట్టింది, ఒకటి పడిపోయినా మిగతావి బతకాలని. 2018లో స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపం బయటపడ్డాక ఒక సైటు గుట్టు ఇంకో సైటుకి చిక్కకుండా గోడలు ఇంకా పెంచింది. దాంతో మెమరీ వాడకం పది నుంచి పదమూడు శాతం పెరుగుతుందని గూగుల్ అప్పుడే చెప్పింది. క్రోమ్ ర్యామ్ తింటుందని వేసే జోకుల వెనక మన బ్యాంకు పాస్‌వర్డుల భద్రత కూడా ఉంది. 4 జీబీ ర్యామ్ ఉన్న మెషీన్‌లో అది నిండిపోగానే విండోస్ మిగతాదాన్ని డిస్కులోకి నెడుతుంది. ఆ డిస్కు నిమిషానికి 5400 చుట్లు తిరిగే పాత హార్డ్ డిస్కయితే, ఒక్క ముక్క వెతికి తెచ్చేసరికి ఒక ఫ్రేమ్ సమయమంతా దాదాపు అయిపోతుంది. దీనికి సెట్టింగులు చాలవు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళి ఎస్ఎస్‌డీ వేయించుకోవడమే.

స్లో అయ్యే వేళని బట్టి కూడా ఆచూకీ దొరుకుతుంది. రోజూ రాత్రి తొమ్మిదింటికి నెమ్మదిస్తే వీధి వీధంతా నెట్ మీద కూర్చున్నట్టు. మే నెల మధ్యాహ్నం మూడింటికి నెమ్మదించి రాత్రికి తేరుకుంటే అది వేడి. వంద డిగ్రీల దరిదాపుల్లోకి వెళ్ళగానే ప్రాసెసర్ తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. గది వేడే నలభై దాటే రెంటచింతలలోనో రామగుండంలోనో, దుమ్ము పట్టిన ఫ్యానుతో, పరుపు మీద పెట్టి వాడితే ఆ గీత ఎంతో దూరం లేదు. గాలి పీల్చే కన్నాలు అడుగున ఉంటాయని పరుపు మీద పడుకుని పనిచేసే మన ఐటీ పిల్లలే మర్చిపోతారు.

ఛార్జర్ పెట్టినంతసేపూ బాగుండి, బ్యాటరీ ఇరవై శాతానికి దిగాక జెర్కులు మొదలైతే భయపడక్కర్లేదు, క్రోమ్‌లోని ఎనర్జీ సేవర్ కావాలనే తగ్గిస్తోంది. దీనికి తిరగబడిన కేసు ఒకటి మా మేనకోడలి హాస్టల్‌లో తగిలింది. ఛార్జర్ పెడితేనే నత్తనడక. విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ అన్న చోట స్పీడ్ చూస్తే ఒక గిగాహెర్ట్జ్ కూడా లేదు, ఎన్ని పేజీలు తెరిచినా అక్కణ్ణుంచి కదలదు. “ఆన్ చేసినప్పుడు ఏమైనా మెసేజ్ వస్తోందా అమ్మా?” అంటే, “ఏదో అడాప్టర్ అని వస్తది మామయ్యా, ఎఫ్1 కొట్టేస్తా” అంది. కొన్ని రకాల ల్యాప్‌టాప్ ఛార్జర్ల పిన్నులో, సరిగ్గా మధ్యలో, సన్నటి సూది ఉంటుంది. కరెంటు వచ్చేది దానిలోంచి కాదు, నేను ఇన్ని వాట్ల ఛార్జర్నని మెషీన్‌కి చెప్పుకోవడానికి ఉన్న తీగ అది. అది వంగినా, డూప్లికేట్ ఛార్జర్ కొన్నా గుర్తుపట్టడం కుదరదు. ఎంత కరెంటు లాగొచ్చో తెలియక ల్యాప్‌టాప్ ముందుజాగ్రత్తగా ప్రాసెసర్‌ని అట్టడుగు వేగంలో కట్టేస్తుంది. తనది వంగిన సూది. ఆ పిల్ల అప్పటికే ఫార్మాట్ కొట్టించింది, పాపం ప్రాజెక్ట్ ఫైళ్ళు కూడా పోయాయి. జబ్బేమిటో మెషీనే రోజూ తెర మీద రాసి చెబుతూనే ఉంది.

ఇవన్నీ చూసి, దేనిలోనూ తప్పు దొరక్కపోతే పేజీదే తప్పు. ఒక్క వార్త చదవడానికి నాలుగు వీడియోలూ పదహారు ప్రకటనలూ మోయించే సైట్ల మీద నాకు జాలి లేదు. ఫైర్‌ఫాక్స్‌లో ఎఫ్9 నొక్కి రీడర్ వ్యూలో చదువుకుంటాను. పరీక్ష ఫీజు చివరి తేదీ రాత్రి తెరుచుకోని సర్కారు సైట్లకి మాత్రం నా దగ్గర మందు లేదు. అవతల సర్వరే చేతులెత్తేసినప్పుడు ఇక్కడ ఎన్ని ట్యాబ్‌లు మూసినా ఒకటే. ముందురోజు తెల్లారుజామున నాలుగున్నరకి లేచి కట్టేయండి, ఆ టైములో చకచకా కదులుతుంది.