ఒకవైపు పదును: ఉలి అంచు మడతకత్తి కొనదగినదేనా?

వడ్రంగి ఉలికి ఒక ముఖం చదును, రెండోది వాలు. ఆ రెండూ కలిసే చోట పదును ఉంటుంది. కత్తికీ ఇలా ఒకవైపే వాలు తీస్తే దాన్ని ఉలి అంచు కత్తి అనవచ్చు. మామూలు కత్తికి రెండు వైపులా వాలు ఉంటుంది. ఒక్కో వైపు 20 డిగ్రీలు ఉంటే అంచు మొత్తం కోణం 40 డిగ్రీలు. ఉలి అంచుకు వాలు 30 డిగ్రీలైతే మొత్తం కోణమూ 30 డిగ్రీలే. కోణం తగ్గేకొద్దీ కత్తి సులువుగా దిగుతుంది, కానీ పల్చబడిన అంచు గట్టి వస్తువు తగిలితే త్వరగా చిట్లుతుంది. మరో సంగతి, వాలు ముఖం మీద పడే ఒత్తిడికి కత్తి కోతలో నిటారుగా దిగక చదును ముఖం వైపు జరుగుతుంది. ఈ కత్తి బలమూ బలహీనతా రెండూ ఆ జరుగుడులోనే ఉన్నాయి.

ఆ స్వభావాన్ని వశం చేసుకుని కళగా పెంచినది జపాన్. ఒసాకా పక్కనున్న సకాయ్ నగరం జపాన్ చరిత్రలోని ఎడో యుగంలో పొగాకు తరిగే కత్తులకు పేరుపొందింది, నేటికీ వంటకత్తులకు ప్రసిద్ధి. అక్కడ కొలిమి పని ఒకరిది, సాన పని ఇంకొకరిది, పిడి అమర్చే పని మరొకరిది. మెత్తని ఇనుముకు గట్టి ఉక్కును కొలిమిలో అతికి సాగగొడతారు. ఉక్కు చదును ముఖం వైపు వస్తుంది, పదును దానిలోనే నిలుస్తుంది. ఆ ముఖాన్ని కాస్త పల్లంగా తీయడం వల్ల ముక్క అంటుకోదు, సాన పట్టేటప్పుడు రాయికి దాని చుట్టంచు మాత్రమే తగులుతుంది. ఇలాంటి కత్తుల్లో యానగిబా అనే దానితో పచ్చి చేపను ఒకే లాగుడులో కోస్తారు. దేబాతో చేప తల వేరు చేస్తారు. ఉసుబాతో ముల్లంగిని కాగితమంత పల్చని పొరగా చెక్కుతారు. కుడిచేతివాటం వారి కత్తికి వాలు కుడివైపు ఉంటుంది. ముక్క అటే విడిపోతుంది, చదును ముఖం ఆనిన కోత అద్దంలా నున్నగా వస్తుంది. ఎడమచేతివాటం వారికి వేరే కత్తి చేయాల్సిందే.

సాన పట్టే పద్ధతి సులువు. వాలు మొత్తాన్ని రాయికి ఆనించి, చదును వైపు అంచు పొడవునా సన్నని లోహపు పొర మడతపడి వేలికి తగిలేదాకా రుద్దాలి. తర్వాత చదును ముఖాన్ని రాయిపై పూర్తిగా పరచి, ఒకటి రెండుసార్లు తేలిగ్గా లాగితే ఆ పొర పోతుంది. అప్పుడు కత్తిని ఏమాత్రం ఎత్తినా రెండో వాలు ఏర్పడి అంచు తీరు మారుతుంది.

ఈ అంచును అమెరికా మడతకత్తులకు తెచ్చినవారిలో ప్రముఖుడు ఎర్నెస్ట్ ఎమర్సన్. కాలిఫోర్నియాలో ఒకవైపు పదును కత్తులు చేసిన ఫిల్ హార్ట్స్‌ఫీల్డ్ ప్రభావం ఆయనపై ఉంది. 1990ల్లో ఎమర్సన్ రూపొందించిన సిక్యూసి-7 మడతకత్తి పేరు మార్మోగింది. సుమారు 3.3 అంగుళాల పొడవు, 3 మిల్లీమీటర్లకు పైగా మందం, కోణంగా తెగిన టాంటో మొన దాని గుర్తులు. అయితే దాని వాలు ఎడమవైపు ఉంటుంది, అంటే జపాన్ వంటకత్తికి సరిగ్గా తిరగబడిన అమరిక. కుడిచేత్తో అట్టపెట్టెను నిలువుగా కోస్తే గీత కుడికి జరుగుతుంది. యానగిబా ఇచ్చే నున్నని ముక్క ఇక్కడ ఆశించలేం. పొట్టి వాలు, మందపు వీపు కలిసి లోతైన కోతలో మేకులా అడ్డుపడతాయి. చదును ముఖానికి పూత ఉంటే సాన రాయి దాన్ని గీరేస్తుంది.

కనుక కొనే ముందు పనిని తేల్చుకోవాలి. తాడు, సీటు బెల్టు పట్టీ, ప్లాస్టిక్ కట్లు తెంచడం, గట్టి మొనతో పొడవడం, ఎక్కడున్నా ఒకే వాలును త్వరగా సాన పట్టుకోవడం ముఖ్యమైతే ఈ కత్తి విలువ చేస్తుంది. ఎడమచేతివాటం వారికి ఆ ఎడమ వాలే అనుకూలం. పండ్లు కోయడం, అట్టలు చీల్చడం, కర్ర చెక్కడం రోజువారీ పనైతే రెండు వైపులా పదునున్న కత్తే మేలు. కొనడానికి నిశ్చయించుకున్నాక వాలు ఏ వైపుందో, వెనుక ముఖం నిజంగా చదునుగా ఉందో, తెరిచాక తాళం కదలకుండా పట్టిందో చేతిలోకి తీసుకుని చూడాలి. వాలు వాడే చేతికి, చేసే పనికి కుదిరితేనే ఈ కత్తికి పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.