ఎముకల ముందు కెమెరా

రచయిత కెమెరాలాగా వున్నదున్నట్టు పట్టుకోవాలనే మాట మన విమర్శలో తరచు వినిపిస్తుంది. నాకీ పోలిక మీదనే అనుమానం. లక్నోలో 1858లో ఫెలీచె బియాటో తీసిన ఫోటోలు చూడండి. రెసిడెన్సీ శ్మశానంలో హెన్రీ లారెన్సుకు పేరు చెక్కిన సమాధి వుంది. 1857 నవంబరు 16న సికందర్‌బాగ్‌లో చంపబడ్డ సుమారు 2,000 మంది తిరుగుబాటుదార్లకు నా దృష్టిలో బియాటో ఫోటోయే సమాధి: దెబ్బతిన్న భవనం, దాని ముందు చెల్లాచెదురుగా ఎముకలు, ఒక గుర్రం, కొందరు మనుషులు.

బియాటో వచ్చేసరికి 4 నెలలు గడిచాయి. కప్పిపెట్టిన కళేబరాలను పట్టుబట్టి బయటపెట్టించాడని ఆనాటి అధికారి జార్జి కాంప్‌బెల్ తన జ్ఞాపకాల్లో రాశాడు. అంటే ఇది విజేతల కోసం అమర్చిన దృశ్యం. వున్నదున్నట్టు ఎక్కడుంది? అలాగని ఫోటోను కొట్టిపారెయ్యలేను. అమరిక కృత్రిమం, ఎముకలు నిజం. గెలుపును చూపబోయి హత్యాకాండనే నమోదుచేసింది. (లారెన్సు సమాధి చెప్పలేని చరిత్ర ఇది.) ఎవరు, ఎవరికోసం తీశారని అడగని చారిత్రక నవలాకారుడు బియాటో పక్కనే నిలబడి రాస్తాడు. నాకు కావలసింది ఆ ఎముకల నడుమ నిలబెట్టబడిన మనుషుల వైపునుంచి రాసిన కథ.