కొట్టేయడానికి వీలున్న బొమ్మ

దోహా ఎడ్యుకేషన్ సిటీలో ఎం.ఎఫ్.హుసేన్ మ్యూజియం 2025 నవంబరులో తెరిచారు. పేరు 'లౌహ్ వ ఖలమ్'. పలకా, కలమూ అనుకోండి. హుసేన్ మనకి కొత్తవారేం కాదు. హైదరాబాదులో బద్రీవిశాల్ పిత్తీ కోసం రామాయణం బొమ్మలు వేసినవారే. 2010లో ఖతార్ పౌరసత్వం తీసుకున్నారు, 2011లో లండన్లో పోయారు. ఆయన గీసిన ఓ చిన్న స్కెచ్ ఈ భవనానికి ఆధారం. దాన్ని పట్టుకుని ఆర్కిటెక్టు మార్తాండ్ ఖోస్లా కట్టారు.

ఓ శుక్రవారం వెళ్ళి ఆ నీలం గోడ ముందు చాలాసేపు నిలబడ్డాను. అందంగా ఉంది. అయినా ఏదో గుచ్చుకుంది. ఇరవై ఏళ్ళుగా ఇక్కడ డ్రాఫ్ట్స్‌మన్‌గా బతుకుతున్నవాణ్ణి, తెలుగువాళ్ళ ఉగాది సంచికలకి ఉచితంగా బొమ్మలేసేవాణ్ణి కాబట్టి, ఆ గుచ్చుకున్నదేమిటో చెప్పే ధైర్యం చేస్తున్నాను. ఆ భవనం స్కెచ్‌కి మరీ విధేయంగా ఉంది. చిత్తుబొమ్మ అసలు గుణం అది కాదు. గీసినవాడే దాన్ని అడ్డంగా కొట్టేసి పక్కన ఇంకోటి గీస్తాడు. గీసిన ఆయన లేకపోయాక కొట్టేసే హక్కు ఎవరికుంటుంది? గీతని నెత్తిన పెట్టుకోవడం తప్ప ఖోస్లాకి మరో దారి లేదు. తప్పు పట్టలేం.

బాపుగారి సంగతి వేరు. 1967లో 'సాక్షి' తీసేనాటికి ఆయన ఎవరి దగ్గరా అసిస్టెంటుగా పనిచెయ్యలేదు. షాట్లు ముందే బొమ్మలుగా గీసుకుని షూటింగుకి వెళ్ళేవారు. ఆ స్టోరీబోర్డుల గురించి మనవాళ్ళు పూజగదిలో మాట్లాడినట్టు మాట్లాడతారు. నాకు మాత్రం అందులో పొదుపు కనిపిస్తుంది. ఫిల్ము ఖరీదు, కాగితం చవక. తప్పులేవో కాగితం మీదే చేసేస్తే సరి!

ఈ పొదుపు నాకు ఆలస్యంగా అబ్బింది. నేను దోహా వచ్చిన కొత్తలో నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఓ లిఫ్టు మెకానిక్ సంచికకి కథ రాసిచ్చాడు. లేబర్ క్యాంపులో శుక్రవారం ఫోను కోసం క్యూ, అంతే కథ. నేను చిత్తూ గిత్తూ లేకుండా తిన్నగా డ్రాయింగ్ షీటు మీదే మొదలుపెట్టాను. మూడు రాత్రులు కూర్చుని కోర్నిష్, వెస్ట్‌బే టవర్లు, క్రేన్లు, నీళ్ళలో పడవ, అన్నీ వేశాను. చూసి కాసేపు మాట్లాడలేదు.

"మంచిగుందన్నా. గని గిండ్ల నేనేడున్న?"

ఎక్కడున్నాడు? కుడిచేతి మూల, అగ్గిపుల్లంత.

సిగ్గేసింది. జీతం కవరు వెనక ఆరు గళ్ళు గీశాను. ఒక్కోటి అగ్గిపెట్టె కన్నా చిన్నది. పేజీలో బొమ్మకి ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల ఎత్తు ఇచ్చారు. గడి కూడా అదే మూడుకి రెండు లెక్కలో ఉండాలి, లేకపోతే పెద్దది చేసేటప్పుడు మోసం చేస్తుంది. అంత చిన్న గడిలో ముక్కూ చెవీ పట్టవు, క్రేను అసలే పట్టదు. నలుపెక్కడ, తెలుపెక్కడ, కన్ను ముందు ఎక్కడ పడాలి, ఇవే మిగుల్తాయి. గడికి రెండు నిమిషాలు పట్టిందేమో.

నాకు నచ్చింది ఐదోది. రిసీవరూ, దాన్ని పట్టుకున్న చెయ్యీ, అంతే. సినిమా పోస్టరులా ఉంటుందని నా ఆశ. అతను దాని మీద వేలు కూడా పెట్టలేదు. మూడోదాని దగ్గర ఆగాడు. అందులో ఫోను పట్టుకున్నవాడి మొహం కనపడదు, వీపులే. వెనకవాడు మాత్రం మణికట్టు చూసుకుంటున్నాడు. ఖాళీ కనబడితే ఊరికే పెట్టిన గీత అది.

"వెనకోడు వాచి సూస్తుండు సూడు, గదే నా కథ."

కథ రెండుసార్లు చదివిన నాకు అది తట్టలేదు. భార్య ఏడుస్తుంటే మాట తుంచేసి ఫోను పెట్టేస్తాడు కథలో. ఎందుకు పెట్టేశాడో అతను రాయలేదు. టవర్లున్న షీటు చుట్టి పక్కన పడేసి, మూడో గడినే పెద్దది చేశాను.

అచ్చయిన సంచిక ఇప్పుడు నా దగ్గర లేదు. ఆ కవరు అతను ఆవేళే అడిగి తీసుకుపోయాడు.