ఆసు యేది, చిటికి యేది?

సంపాదకుని గదిలోనికి ఏ క్రొత్త పనిముట్టు వచ్చినను, అది మన చేతిపనిని లాగికొనుటకు వచ్చినదేమో యని మొదట భయమును, మన కాలమును మిగుల్చుటకు వచ్చినదేమో యని పిమ్మట ఆశయును కలుగుట సహజము. కృత్రిమ మేధ యను పేర నేడు మా దృశ్యవృత్తిలో ప్రవేశించిన సాధనముల విషయమున ఈ భయాశలు రెండును నాకు ఒక్కసారిగనే కలుగుచున్నవి. డాక్యుమెంటరీలు కూర్చుటయే జీవనముగా గల నేను వానిని నిత్యము వాడుచునే యున్నాను గనుక, దూరమున నిలిచి నిందించు స్వాతంత్ర్యము నాకు లేదు.

మాట్ తీయుట యను పనిని ఉదాహరణముగ గైకొందము. ఒక మనుష్యుని అతని వెనుకనున్న గోడనుండి వేరుచేసి, గోడకు మారుగా ఆకాశమును నిలుపవలెనన్నచో, అతని ఆకృతి యొక్క అంచును ప్రతి ఫ్రేములోను గీచి విడదీయవలెను. సెకనుకు 24 ఫ్రేములు గావున అయిదు సెకనుల షాటునకు 120 పర్యాయములు గీయవలెను. గాలికి జుట్టు చెదరినదా, ఆ శ్రమకు మేర లేదు. 1915లో మ్యాక్స్ ఫ్లెయిషర్ రోటోస్కోపు యంత్రమునకు పేటెంటు కోరిన నాటినుండి, కంప్యూటర్లు వచ్చిన పిమ్మటను, ఈ ఫ్రేము వెంట ఫ్రేము గీచు పద్ధతి మూలమున మారలేదు. నేడు ఒక ఫ్రేములో మనిషిని చూపినచో మిగిలినవానిలో అతనిని యంత్రమే వెదకికొనుచున్నది. 2022లో విడుదలయైన ‘ఎవ్రీథింగ్ ఎవ్రీవేర్ ఆల్ ఎట్ వన్స్’ చిత్రమున రెండు బండరాళ్లు సంభాషించు ఘట్టమునకు ఇట్టి సాధనమునే వాడిరి. శబ్దవిషయమునను ఇంతే. పీటర్ జాక్సన్ బృందము 2021 నాటి బీటిల్సు డాక్యుమెంటరీ ‘గెట్ బ్యాక్’ కొరకు, ఒక్క టేపులో కలగాపులగమైయున్న వాద్యములను, మాటలను విడదీయ గలిగినది; ఆ విద్యయే, జాన్ లెనన్ 1970ల దశకమున క్యాసెట్టుపై పాడికొన్న కంఠమును పియానో మ్రోతనుండి వేరుచేయగా, 2023లో బీటిల్సు పేర ఒక పాట వెలువడినది.

ఈ మార్పును తూచుటకు నాకు పోచంపల్లి ప్రాంతపు నేతయింటికంటె మంచి త్రాసు కనబడలేదు. చిటికి కట్టి, అనగా రంగు అంటకుండ నూలును అచ్చటచ్చట బిగించి, రంగులలో ముంచుటకు మునుపు, అర్ధవలయముగ నాటిన మేకుల చుట్టును నూలును ఒక్కొక్క పోగుగా త్రిప్పవలెను. దీనినే ఆసు పోయుట యందురు. ఒక్క చీరకు చేయి వేల పర్యాయములు ఇటునుండి అటునకు సాగవలెను. తరతరములుగ ఆ శ్రమ ఇంటి స్త్రీలదే. తన తల్లి భుజముల బాధ చూడజాలక చింతకింది మల్లేశం గారు సంవత్సరముల తరబడి కృషిచేసి, 1999లో ఆ పని నెరవేర్చు యంత్రమును నిర్మించి, తల్లి పేరనే దానికి లక్ష్మీ ఆసుయంత్రమని నామకరణము గావించిరి. 2017లో ఆయనను పద్మశ్రీ వరించినది. ఆసు యంత్రపరమైనందున నేతకళ నశించినదని విలపించువారు నాకెన్నడును తారసపడలేదు. ఏలయన, చిటికి ఎచ్చట బిగింపవలెనో, ఏ పోగు ఏ రంగు త్రాగవలెనో, ఏది తెల్లగనే మిగులవలెనో నిర్ణయించు పని మనుష్యుని చేతిలోనే నిలిచినది.

మా గదిలోను అడుగవలసిన ప్రశ్న ఇదియే: ఏది ఆసు, ఏది చిటికి? నాకు తోచిన కొలత యొకటి కలదు. వేయవసారి చేసినపుడు చేతికిగాని కంటికిగాని క్రొత్తగ నేమియు తెలియని పని ఆసు. ఎన్నిసార్లు చేసినను ఏదో యొకటి తెలియుచునే యుండునది చిటికి. మాట్ తీయుట కొన్నినెలలు నేర్పును. నడచునపుడు భుజము ఎట్లు వంగునో, చీరచెంగు దేహమునకంటె ఎంత ఆలస్యముగ కదలునో తెలియును. అటుపై అది మెడనొప్పి తప్ప మరేమియు నేర్పదు. కావున దానిని యంత్రమునకు అప్పగించుటలో నాకు సంకోచము లేదు.

రష్‌ల విషయమునకు వచ్చినచో నా సమ్మతి ఆగిపోవును. చిత్రీకరించి తెచ్చిన దంతయు ఆద్యంతము చూచి, ఏ షాటులో ఏమున్నదో వ్రాసికొనుట మా వృత్తిలో సహాయకుల తొలి పని. ఇప్పుడు సంభాషణ యంతయు క్షణములో అక్షరరూపము దాల్చుచున్నది. 2023 మొదలు ప్రీమియర్ ప్రో వంటి కూర్పు సాఫ్ట్‌వేర్లలో ఆ పాఠమునుండి ఒక వాక్యమును కొట్టివేసినచో, దృశ్యములోను ఆ భాగము తెగిపోవును. మాటల నడుమ విరామములను ఒక్క ఆజ్ఞతో మూకుమ్మడిగ తొలగించు వెసులుబాటును కలదు. ఒకప్పుడు ఒక వృద్ధ నేతకత్తెను, “మీరు నేసిన పట్టుచీర మీరెన్నడైనా కట్టుకున్నారా అమ్మా?” యని మావాడు అడిగెను. యంత్రము వ్రాసిన పాఠములో ఆ ప్రశ్నయు, మూడు చుక్కలును, “లేదు బిడ్డా” యను రెండు మాటలును మాత్రమే యున్నవి. తెరమీద ఆ చుక్కల వేళ ఆమె చూపు మాపైనుండి మరలి మగ్గముపై నిలిచెను. తెగిన పోగునొకదానిని వెదకి, రెండు కొసలను వ్రేళ్లతో పురిపెట్టి కలిపి, అది నిలిచినదో లేదో లాగి చూచి, అప్పుడు పలికెను. పాఠము చదివి కత్తిరించువానికి ఆమె జవాబు దొరకును, ఆమె దొరకదు.

ఈ చిక్కు నేటిది మాత్రమే కాదు. ‘అపోకలిప్స్ నౌ’ చిత్రమునకై పోగైన సుమారు 230 గంటల ఫిల్ముతో కుస్తీపట్టిన సంపాదకులలో నొకడగు వాల్టర్ మర్చ్, కంప్యూటరుపై కూర్పు ఆరంభదశలో నున్నప్పుడే దీనిని గుర్తించెను. చుట్టను త్రిప్పుచు ఒక షాటుకొరకు వెదకునపుడు త్రోవలో అడుగని షాట్లెన్నో కంటబడుననియు, అడిగినదానిని తక్షణమే యిచ్చు యంత్రము ఆ లాభమును హరించుననియు ఆయన వాదము. నేటి యంత్రము ఇంకను ఒక అడుగు ముందుకు వేసి, మనము అడుగబోవు దానినిగూడ తానే ఊహించి తెచ్చుచున్నది.

దృశ్యమునే కల్పించు సాధనముల సంగతి ఇంకొకటి. అసంఖ్యాకములైన చిత్రములను చూచి తర్ఫీదు పొందిన ఆ యంత్రము, అర్థరహితమైన చుక్కల గందరగోళముతో ఆరంభించి, మన ప్రాంప్టు చూపిన దిక్కునకు మెట్టుమెట్టుగ ఆ గందరగోళమును తగ్గించుచు బొమ్మను తేల్చును. పోచంపల్లి మగ్గమును కోరగా ఎండపొడతో, దుమ్ముకణములతో మనోహరమైన దృశ్యమునే యిచ్చినది. మా సహాయకుడు దానిని చూచిన మరుక్షణమున నవ్వెను. పడుగు చిటికియైనచో పూవుల ఆకృతి నేతకు ముందే పడుగుమీద కనబడవలెను. పేక చిటికియైనచో కండెలోని నూలు రంగురంగులుగ నుండవలెను. ఈ మగ్గమున పడుగు తెల్లన, కండె ఎరుపు. వస్త్రముమీద మాత్రము నీలిపూలు పూయుచున్నవి! ఆ కుర్రవానికి నేతగాండ్ర వంశముతో సంబంధము లేదు. వారముల తరబడి మగ్గముల రష్‌లు చూచి చీటీలు వ్రాసినవాడు, అంతే. ఆ చూపును వానికిచ్చిన పనినే మనము రద్దుచేసినచో, రేపు ఆ నీలిపూలను చూచి నవ్వువాడెవ్వడు?

కల్పన యెల్ల దోషమని నా మతము కాదు. 1957 నాటి ‘మాయాబజార్’లో మార్కస్ బార్ట్లీ దీపములతో సృష్టించిన వెన్నెలను నిజమైన వెన్నెలకంటె మిన్నగ తెలుగువారు తలచుకొందురు. ఆ మాయను అల్లినవాడు వెన్నెలను ఎరిగి అల్లెను. చూచువాడు మాయయని ఎరిగి మురిసెను. కథాచిత్రమునకు ఈ ఒప్పందము చాలును. నేతగాని బ్రతుకును చూపుచున్నామని చెప్పి నేయజాలని మగ్గమును చూపునపుడు ఆ ఒప్పందము భగ్నమగును.

నిర్మాతలు నాతో వాదింతురు: రష్‌లన్నియు చూచుచు కూర్చున్నచో గడువు మాటేమి యని. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని దానికి జవాబు వారి లెక్కలలోనే యున్నది. ఆసుయంత్రము మిగిల్చిన గంటలు చాలవరకు ఆ ఇండ్ల స్త్రీలకే దక్కినవి. మాట్ తీయు యంత్రము మిగిల్చిన దినములు మాత్రము మాకు దక్కక, గడువులో కోతగా మారిపోయినవి. కావున ఇకపై నేను పంపు ఖర్చు అంచనాలో మాట్‌కు వేయు దినములను తగ్గించి, ‘రష్‌ల వీక్షణము, సహాయకునితో సహా’ యని వేరొక పద్దు వ్రాయదలచితిని. యంత్రము వ్రాసిన పాఠము ఆ పద్దు ముగిసిన పిమ్మటనే మా గదిలో తెరువబడును. బేరములో మరేది తగ్గించినను, ఆ పద్దును కొట్టివేయగోరు నిర్మాత వేరొక సంపాదకుని వెదకికొనవలసియుండును.