సూరత్ శుభ్రత ఎవరి చేతి చలవ?

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు పుట్టినప్పుడు లక్షలమంది ఊరొదిలి పారిపోయారు. ప్రైవేటు డాక్టర్లూ చాలామంది తలుపులు మూశారు. 1995లో కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని ఆరు జోన్లు చేసి, అధికారుల్ని గదుల్లోంచి గల్లీల్లోకి దింపాడు. చిన్న పనేం కాదది. 1996కల్లా దేశంలో రెండో శుభ్రమైన నగరమన్న పేరొచ్చింది. అయితే పరిపాలనా పాఠాల్లో సూరత్ అంటే కమిషనర్ కథే. చీపురు పట్టిన కులాన్ని అందులో వెతుక్కోవాల్సిందే. రాత్రిళ్లు రోడ్లు ఊడ్చింది ఫైళ్లు కాదు గదా!

ఆరోగ్యశాఖ దృష్టిలో అంటురోగాల నివారణంటే చెత్త ఎత్తించడం, మందు చల్లించడం, టెట్రాసైక్లిన్ పంచడం. ఆ ఎత్తే మనిషి మాత్రం కాపాడాల్సిన 'ప్రజల్లో' లేడు. పార, గంపలాగే వాడూ ఒక పనిముట్టు. ఎలుక మీది పురుగు కుడితే ప్లేగు. అదే ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో పుండు కాలు పెడితే లెప్టోస్పైరోసిస్. మురుగుకాలవలో వట్టికాళ్లతో దిగేదెవరో వేరే చెప్పాలా? రోగుల్ని వార్డువారీగానే కాదు, చేసే పనినిబట్టి కూడా లెక్కగడితే ఈ జబ్బు ఏ కులాల ఒంటిమీద వాలుతుందో కాగితం మీదే తేలుతుంది.

రక్షణ లేకుండా మనిషిని మురుగుకాలవలో దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. కాబట్టి బూట్లూ చేతొడుగులూ సంక్షేమం పద్దులో దయగా కాదు, రోగనివారణ పద్దులో మొదటి ఖర్చుగా రాయాలి.