స్క్రూడ్రైవర్ మొనతో
సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్లు బాగుచేసేవాళ్ల చేతులను ఎంతసేపు చూసినా తనివి తీరదు. ఇంట్లో సొంతంగా బిగించుకున్న సిస్టమ్ ఆన్ కావడం లేదంటే వెంటనే మదర్‌బోర్డు పోయిందనరు. పవర్ బటన్ తీగ పీకి, అది తగిలించి ఉన్న రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకిస్తారు. ఫ్యాన్ తిరిగిందా, తప్పు బటన్‌దే. లేదంటే కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌ను విడిగా పరీక్షిస్తారు. ఏదీ కొనిపించకుండా ఒక్కో అనుమానాన్నీ తీసేస్తూ పోయే ఆ ఓపిక నాకెంతో ఇష్టం. చప్పుడు రాకూడదని ఫ్యాన్ల వేగం తగ్గించుకున్న పెట్టె వేడెక్కిపోతుంటే హీట్‌సింక్ ఊడదీస్తారు. ఎండిపోయిన థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ప్రాసెసర్ నడిమధ్య శనగగింజంత కొత్త పేస్టు పెట్టి, స్క్రూలను ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగిస్తారు. పిల్లలు పడుకున్నాక అదే గదిలో పని చేసుకునేవాళ్ల ఇబ్బంది వీళ్లకు తెలుసు. అందుకే ఫ్యాన్ వేగం పెంచేసి చేతులు దులుపుకోరు.