పేరు పోగొట్టుకున్న కెప్టెన్

మా క్లాసులో రెండు పార్టీలు ఉన్నాయి. ఒకటి మార్వెల్ పార్టీ, ఒకటి డీసీ పార్టీ. ఇంటర్వెల్‌లో ఐరన్ మాన్ గొప్పా, బ్యాట్‌మాన్ గొప్పా అని గొంతు చించుకుంటారు. నేనూ మొన్నటిదాకా డీసీ పార్టీలోనే ఉండేదాన్ని. ఇప్పుడు ఏ పార్టీలోనూ లేను. దానికి కారణం మూడో కంపెనీ వేసిన ఒక పాత కామిక్.

2019లో నెల తేడాతో రెండు సినిమాలు వచ్చాయి. మార్చిలో మార్వెల్ వాళ్ల 'కెప్టెన్ మార్వెల్', ఏప్రిల్‌లో డీసీ కథతో తీసిన 'షజామ్'. రెండోదాంట్లో ఒక పిల్లాడు షజామ్ అనగానే ఎర్ర బట్టలతో, గుండె మీద మెరుపు గుర్తుతో పెద్ద వీరుడైపోతాడు. కానీ అతనికి పేరుండదు. స్నేహితుడు ఏవేవో పేర్లు పెట్టి చూస్తుంటాడు. టీవీలో చూసినప్పుడు పడీ పడీ నవ్వాను. ఆ వీరుడి అసలు పేరే కెప్టెన్ మార్వెల్ అని తెలిశాక మాత్రం నవ్వు రాలేదు.

కథ 1938లో మొదలైంది. జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు సృష్టించిన సూపర్‌మాన్ ఆ ఏడాది 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో వచ్చాడు. హక్కులకు వాళ్లకు ముట్టింది 130 డాలర్లు. పుస్తకం విపరీతంగా అమ్ముడైంది. అది చూసి ఫాసెట్ అనే కంపెనీ 1940లో 'విజ్ కామిక్స్' తెచ్చింది. అందులో బిల్ పార్కర్ రాసి, సి.సి.బెక్ బొమ్మలు వేసిన వీరుడే మన కెప్టెన్ మార్వెల్. కొన్నేళ్లలోనే అతని పుస్తకం అమ్మకాల్లో సూపర్‌మాన్‌ను దాటిపోయింది.

ఇప్పటి డీసీకి అప్పటి పేరు నేషనల్. మా సూపర్‌మాన్‌ను కాపీ కొట్టారని 1941లో ఫాసెట్ మీద కేసు వేసింది.

కాపీయా కాదా? రెండు అట్టలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. సూపర్‌మాన్ కారు పైకెత్తి బద్దలు కొడుతున్నాడు. కెప్టెన్ మార్వెల్ కారును గోడకేసి విసిరాడు. ఇద్దరికీ బిగుతు బట్టలు, వెనక కేప్. ఒకడు పత్రిక విలేకరి, ఇంకొకడు రేడియోలో. ఫాసెట్ వాళ్లు అస్సలు చూడలేదంటే నేను నమ్మను.

అట్ట తిప్పి లోపల చదివితే వేరే సంగతి. సూపర్‌మాన్ పుట్టుకతోనే బలవంతుడు, కళ్లజోడు పెట్టుకుని బలహీనుడిలా నటిస్తాడు. బిల్లీ బాట్సన్ నటించడు. వాడు నిజంగానే చిన్నవాడు, అనాథ, పేపర్లమ్ముకుని బతికేవాడు, రాత్రిళ్లు రైలు స్టేషన్లో పడుకునేవాడు. ఒక మాట పలికితే పెద్దవాడవుతాడు, మళ్లీ పలికితే మళ్లీ పిల్లాడు. సూపర్‌మాన్‌ను చూసి చప్పట్లు కొడతాం, బిల్లీ దగ్గర మాత్రం ఆ మాట మనమూ ఓసారి అనిచూస్తాం (నేను అన్నాను, తలుపేసుకుని). ఇంకా సూటు వేసుకుని మనుషుల మధ్య బతకాలనుకునే పులి ఉంది. నెలల తరబడి గొంతు మాత్రమే వినిపించి భయపెట్టిన దుర్మార్గుడు చివరికి ఇంతే ఉన్న పురుగు అని తేలుతుంది! బెక్ గీతలు కూడా ఎంతో తేలిక, ఒక్క గీటు ఎక్కువుండదు. ఈ నవ్వు ఆనాటి సూపర్‌మాన్ కథల్లో నాకు కనపడలేదు.

కేసు పన్నెండేళ్లు నడిచింది. 1951లో పై కోర్టు నేషనల్ వైపు మొగ్గింది. అప్పటికి వీరుల పుస్తకాల అమ్మకాలూ పడిపోయాయి. ఇంకా పోరాడి లాభం లేదనుకుని 1953లో ఫాసెట్ 4 లక్షల డాలర్లు కట్టి, కెప్టెన్ మార్వెల్ పుస్తకాలన్నీ ఆపేసింది. పాఠకులకు నచ్చక ఆగిన పుస్తకాలూ ఉంటాయి, కానీ ఇది ముఖ్యంగా పక్క కంపెనీ వల్ల ఆగింది.

ఖాళీగా పడి ఉన్న పేరును 1967లో మార్వెల్ కంపెనీ అందుకుంది. వేరే గ్రహం సైనికుణ్ణి తెచ్చి కెప్టెన్ మార్వెల్ అని పేరు పెట్టింది. నా ఉద్దేశంలో అది వీరుడి కోసం పెట్టిన పేరు కాదు, పేరు కోసం పుట్టించిన వీరుడు. తరవాత 1972లో డీసీయే ఫాసెట్ దగ్గర పాత కెప్టెన్‌ను వాడుకునే హక్కు తీసుకుంది. అంటే దొంగ అని కోర్టుకీడ్చినవాణ్ణే ఇంటికి పిలిచారు! కానీ అట్ట మీద ఆ పేరు వేసే వీలు లేదు, అది మార్వెల్ చేతిలో ఉంది. అందుకే 1973లో 'షజామ్' అని వేశారు. బొమ్మలకు బెక్‌నే పిలిచారు గానీ, కథలు నచ్చక ఆయన పది సంచికల్లోపే, పదో సంచిక వచ్చేసరికి, తప్పుకున్నాడు. 2012లో వీరుడి పేరే షజామ్ చేశారు. పాపం, ఆ మాట పలికితేనే కదా వాడు మారిపోయేది! తన పేరు తను చెప్పుకోబోతే పిల్లాడైపోయే వీరుణ్ణి ఏ రచయితా కావాలని రాయడు.

నన్ను డీసీ పార్టీ నుంచి బయటికి లాగింది మాత్రం ఇంకో విషయం. కెప్టెన్ మార్వెల్ కథలు ఎక్కువగా రాసింది ఆటో బైండర్. బిల్లీకి కవల సోదరిగా, అదే శక్తులతో, 1942లో వచ్చిన మేరీ మార్వెల్ సృష్టిలోనూ ఆయన ఉన్నాడు. ఫాసెట్ ఆపేశాక ఆయన పనికోసం చేరింది సూపర్‌మాన్ కథలు రాయడానికే. 1959లో అక్కడ సూపర్‌మాన్‌కు చిన్నాన్న కూతుర్ని, అవే శక్తులతో, తెచ్చాడు. ఆమే సూపర్‌గర్ల్. ఇద్దరమ్మాయిల బొమ్మలూ పక్కపక్కన పెట్టి మా డీసీ పార్టీ వాళ్లకు చూపించాను. ఎవరిది కాపీ అనడిగారు. దీనిమీద ఎవరూ కేసు వేయలేదని చెప్పాను.